పట్టా చెప్పేదెంత?

సంపాదకుడికి,

డిగ్రీలకు కాలం చెల్లిందంటూ మీ పత్రికలో వచ్చిన వ్యాసంతో నేను సగమే ఏకీభవిస్తాను. ఉద్యోగానికి వచ్చినవాళ్ల సర్టిఫికెట్లు సరిచూడటమే నా పని. వైద్యంలాంటి వృత్తుల్లో పట్టా లేనిదే లైసెన్సు రాదు, రాకూడదు కూడా. మిగతా చోట్ల ఆ ఫ్రేము కట్టిన కాగితం చెప్పేది తక్కువే: పేరు, కోర్సు, సంవత్సరం. ఏం చదివారో తెలియాలంటే మార్కుల జాబితా తిరగేయాలి. యూరప్ విశ్వవిద్యాలయాలు పట్టాతోపాటు ఇచ్చే డిప్లొమా సప్లిమెంట్ అయితే నాకు ప్రాణం. కోర్సు స్థాయి, సబ్జెక్టులు, పైచదువుకు అర్హత, అన్నీ ఎనిమిది విభాగాల్లో ఉంటాయి.

ఒక దేశపు పత్రం మరో దేశంలో చెల్లేందుకు అధికారులు వేసే అపోస్టిల్ అనే ధ్రువీకరణ ఉంటే చాలు, పట్టాలో ఉన్నదంతా నిజమేనని చాలామంది ధీమా. 1961 నాటి హేగ్ ఒప్పందం ప్రకారం అది ధ్రువీకరించేది సంతకాన్ని, సంతకం చేసినవారి హోదాను, సీలును మాత్రమే. లోపల రాసిన విషయానికి అది పూచీ పడదు. అందుకే నేను నేరుగా విశ్వవిద్యాలయానికే రాస్తాను. జవాబు ఆలస్యమైతే అభ్యర్థికి టెన్షన్, నాకు చీవాట్లు! పట్టా నంబరు కొట్టగానే వివరాలు తేలిపోయే ఏర్పాటు ప్రతి విశ్వవిద్యాలయంలోనూ ఉండాలి. దాని గురించి ఒక వ్యాసం వేయండి.

ఇట్లు,
నియామక విభాగం ఉద్యోగిని