గుత్తి కోట మీద గుక్కెడు నీళ్ల కోసం: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

మా గుత్తి కోట పనుల ఫైలు ఎక్కడిదాకా వచ్చిందో నాకంటే మీకే బాగా తెలుసు కాబట్టి ఆ కథంతా మళ్లీ చెప్పను. కోట మీద తాగే నీళ్లు పెట్టించమని రెండుసార్లు అర్జీ ఇచ్చాను. మొదటిదానికి ఉలుకూ పలుకూ లేదు. రెండోదానికి "మీ సమస్య పరిష్కరించబడింది" అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. సంతోషించాం. దసరా సెలవులకు హైదరాబాద్ నుంచి వచ్చిన అక్కాబావలను, వాళ్ల అబ్బాయిని వెంటబెట్టుకుని బయల్దేరాం. మా అమ్మ, నేను, నా భార్య, ఇద్దరు ఆడపిల్లలు. మొత్తం ఎనిమిది మంది.

తప్పు మాదే. మెసేజ్‌ని నమ్మి నాలుగే బాటిళ్లు తెచ్చుకున్నాం. అక్టోబరు అయితే మాత్రం మా అనంతపురం ఎండ గురించి మీకు చెప్పాలా? రెండో ద్వారం దాటేసరికే అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ బండ మీద కూలబడింది. "మీరు పోయి రాండి నాయనా, నేను ఈడనే కూచుంటా" అంది. తోడుగా అక్క ఆగిపోయింది. వాళ్లకో బాటిల్ వదిలాం. మిగిలినవి పైకి చేరకముందే ఖాళీ. చివరి బాటిల్లో అడుగున ఉన్న నీళ్లను మా బావ మూతతో కొలిచి పోశాడు సార్, గుళ్లో తీర్థం ఇచ్చినట్టు. మా చిన్నది తాగేసి ఆ తడి చెయ్యి తలకు రాసుకుంది. అందరం నవ్వాం. దాని తర్వాత ఎవరికీ నవ్వు రాలేదు.

ఈ కోటలో 108 బావులున్నాయని చెబుతారు. మా పెద్దమ్మాయి ఒక బావిలోకి తొంగి చూసి "నాన్నా, నీళ్లున్నాయి!" అని కేక పెట్టింది. ఉన్నాయి. పచ్చటి పాచి, మీద తేలుతున్న చిప్స్ ప్యాకెట్లు. అడ్డుగా ఒక కమ్మీ అయినా లేదు, జబ్బ పట్టుకుని వెనక్కి లాగాను.

దుర్గాలకే రాజు అని విజయనగర రాజు బుక్కరాయల శాసనం పొగిడిన కోట ఇది. 1776లో మైసూరు పాలకుడు హైదర్ అలీ ముట్టడించినప్పుడు పైన నీళ్లు అయిపోయే, ఈ కోటను ఏలిన మరాఠా సర్దారు మురారి రావు లొంగిపోయాడు. మురారి రావు గద్దె దగ్గర కూర్చుని, కింద ఊరు చూపిస్తూ పిల్లలకు ఈ సంగతి చెబుతుంటే మా మేనల్లుడు "మామా, మనమూ లొంగిపోదామా?" అన్నాడు. ఏం చెప్పాలి? ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ కొండ మీద అదే కరువు. అప్పుడంటే శత్రువులు చుట్టుముట్టారు. ఇప్పుడెవరున్నారు సార్?

మరుగుదొడ్ల గురించి మొదలుపెడితే ఇంకో ఉత్తరం అవుతుంది. మా ఆడవాళ్లు కావాలనే నీళ్లు తక్కువ తాగి ఎక్కారని మాత్రం తెలుసుకోండి.

రోప్‌వే అడగడం లేదు, లైటింగ్ షో అడగడం లేదు. తాగే నీళ్లు అడుగుతున్నాను. కింద ఒకచోట, సగం దారిలో ఒకచోట. పాత కట్టడం దగ్గర తవ్వకూడదు, రూల్స్ ఒప్పుకోవు అంటారేమో. డ్రమ్ము పెట్టి మూత వేయడానికి గడ్డపార అక్కర్లేదు కదా. రోజూ నింపే మనిషి కావాలి, అంతే. దయచేసి నీళ్లు పెట్టించండి. అది కుదరకపోతే ఆ "పరిష్కరించబడింది" అన్న మెసేజ్ అయినా వెనక్కి తీసుకోండి.

కిందికి దిగాక అమ్మకు నిమ్మసోడా తాగించాం. గ్లాసు దించి, "గద్దె ఎట్లుంది రా?" అని అడిగింది. ఫోన్లో ఫొటో చూపించాను.

మీకు వీలైనప్పుడు ఒకసారి కుటుంబంతో రండి సార్. నీళ్లు మాత్రం ఇంటినుంచే తెచ్చుకోండి.

ఇట్లు,
రెండు అర్జీల రసీదులు ఇంకా దాచుకున్న ఒక అనంతపురం జిల్లా వాసి