ఛాతీ నొప్పి వస్తే మందుల షాపుకు రాకండి

సంపాదకులు గారికి,

అయ్యా,

జిమ్‌లో కుప్పకూలిన యువకుడు, పెళ్లి ఊరేగింపులో డ్యాన్స్ చేస్తూ ఒరిగిపోయిన బంధువు, పొలం గట్టు మీదే ప్రాణం విడిచిన రైతు... ఇలాంటి వార్తలు జిల్లా పేజీల్లో తరచూ వస్తున్నాయి. నేను వాటిని కింది నుంచి పైకి చదువుతుంటాను. అసలు సంగతి చాలాసార్లు చివరి వాక్యంలో ఉంటుంది. ముందు రోజు సాయంత్రం నుంచే ఛాతీలో మంటగా ఉందన్నాడని, గ్యాస్ అనుకుని మాత్ర వేసుకుని పడుకున్నాడని ఇంట్లోవాళ్లు చెప్పినట్టు రాస్తారు. నన్నడిగితే ఆ వాక్యమే హెడ్డింగు కావాలి.

ఆ గ్యాస్ మాత్ర అమ్మేది మాలాంటి వాళ్లమే. కనిగిరి దగ్గర ఒక మండల కేంద్రంలో నాకు మందుల షాపు ఉంది. మా వైపు పల్లెల్లో ఛాతీ పట్టేసిన మనిషి డాక్టరు కన్నా ముందు వెళ్లేది ఆర్‌ఎంపీ దగ్గరికి, లేదంటే మా దగ్గరికి. ఆర్‌ఎంపీ అయితే ఒక గ్యాస్ ఇంజెక్షను, ఒక సెలైను. మేమైతే ఒక ఈనో ప్యాకెట్టు, లేదా పాంటాప్రజోల్ మాత్ర. ఈ రెండోది డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడని మందు. ఆ నిబంధన ఊళ్లలో ఎలా నడుస్తోందో చెప్పక్కర్లేదు.

మొన్న వేసవిలో షట్టర్ దించబోతుంటే ఒకాయన బైకు దిగి వచ్చాడు. అరచేత్తో రొమ్ము మధ్య రుద్దుకుంటున్నాడు. ‘గ్యాస్ పైకి తన్నింది బాబాయ్, ఒక ఈనో ఇయ్యి’ అన్నాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. ‘చెమటేంట్రా ఇంత?’ అంటే ‘ఉక్కపోత గదా’ అన్నాడు. ఫ్యాను కింద కూర్చోబెట్టినా చెమట ఆగలేదు, ఎడమ చెయ్యి లాగుతోందని రెండుసార్లు విదిలించాడు. మందు ఇవ్వకుండా 108కి ఫోన్ చేశాను. పది రూపాయల ప్యాకెట్‌కి ఇంత రాద్ధాంతమా అని ఆయన భార్య నా మీద లేచింది. ఆసుపత్రిలో ఈసీజీ తీస్తే గుండెపోటే. ఇప్పుడు నెలనెలా ఆమే వచ్చి ఆయన మందులు తీసుకెళ్తుంది.

జనం ఇక్కడ ఎందుకు పొరబడతారో నాకు బాగానే అర్థమవుతుంది. అన్నవాహిక గుండెకు సరిగ్గా వెనకే ఉంటుంది. గుండె నొప్పి గుండె దగ్గరే తెలియాలని లేదు. బొడ్డు పైన పొట్టలో, దవడలో, మెడలో, భుజాల మధ్య వీపులో కూడా తెలుస్తుంది. గుండెపోటులో వాంతి వచ్చినట్టు ఉంటుంది, తేన్పులూ వస్తాయి. ఇంకో చిక్కుంది. గుండె రక్తనాళం చాలావరకు పూడుకుపోయినవాళ్లకు మెట్లెక్కినా, బరువెత్తినా నొప్పొచ్చి, ఐదు పది నిమిషాలు కూర్చోగానే పోతుంది. దాన్ని ఆంజైనా అంటారు. కూర్చున్నందుకు నొప్పి తగ్గింది, పేరు మాత్రం ఈనోకి వచ్చింది! మళ్లీ వచ్చినప్పుడూ అదే తాగుతారు. ఇలా నెలల తరబడి ఈనో మీద నడిపినవాళ్లను చూశాను. నడిస్తే వచ్చి ఆగితే పోయే నొప్పిని ఆ వారంలోనే డాక్టరుకు చూపించాలి. అదే నొప్పి ఊరికే కూర్చున్నా వస్తోందంటే, రోజురోజుకీ పెరుగుతోందంటే ఆ పూటే వెళ్లాలి.

అలాగని ఛాతీలో వచ్చే ప్రతి నొప్పీ గుండెది కాదు, భయపెట్టడం నా ఉద్దేశం కాదు. బిర్యానీ తిని వెంటనే పడుకుంటే గొంతు దాకా వచ్చే మంట నిజంగా ఎసిడిటీయే కావచ్చు. పొగాకు బేళ్లు ఎత్తిన కూలీకి పక్కటెముకల దగ్గర వేలితో నొక్కితే కలుక్కుమనే నొప్పి చాలావరకు కండరాలదో, ఎముకల కీళ్లదో అవుతుంది. జ్వరం, దగ్గు ఉండి ఊపిరి పీల్చినప్పుడల్లా పొడిచినట్టుంటే న్యుమోనియా అయినా, ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరడమైనా కావచ్చు. మా ప్రాంతంలో ఆ నీటి వెనక టీబీ ఉండటం కొత్తేం కాదు. పెద్ద వయసువాళ్లకు ఒక పక్కనే పట్టీలాగా మంట పుట్టి, నాలుగు రోజులకు పొక్కులు లేస్తే అది అక్కి. పరీక్షల టెన్షన్‌లో పిల్లలకు గుండె దడ, ఛాతీ బిగుతు, వేళ్లు తిమ్మిరి వస్తే పానిక్ అటాక్ కావచ్చు. కాకపోతే అది పానిక్ అని తేల్చాల్సింది డాక్టరు, పక్కింటాయన కాదు.

గుండెది కాకపోయినా ప్రాణం మీదికి తెచ్చే నొప్పులూ ఉన్నాయి. కాలు విరిగి కట్టుతో మంచం మీద ఉన్నవాళ్లకు, ఆపరేషన్ అయినవాళ్లకు, కాన్పు అయిన ఆడవాళ్లకు పిక్క వాచి, ఉన్నట్టుండి ఆయాసంతో ఛాతీ నొప్పి వస్తే కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తికి చేరిందేమో చూడాలి. బీపీ ఉన్న మనిషికి ఒక్కసారిగా ఛాతీ నుంచి వీపులోకి చీల్చినట్టు నొప్పి వస్తే పెద్ద రక్తనాళం గోడ చీలి ఉండొచ్చు. ఇవి అరుదే. కానీ ఎసిడిటీ మాత్రలతో కాలయాపన చేయడానికి వీల్లేనివి.

షాపు నడిపేవాడిగా నేను ఎక్కువ భయపడేది ఆడవాళ్ల గురించి, షుగర్ ఉన్నవాళ్ల గురించి. షుగర్ ముదిరితే నరాలు మొద్దుబారతాయి, నొప్పి పెద్దగా తెలియకుండానే గుండెపోటు వచ్చేస్తుంది. ఉన్నట్టుండి ఆయాసం, నీరసం, చల్లటి చెమట, కళ్లు తిరగడం, అంతే. ఆడవాళ్లకూ చాలామందికి ఇలాగే ఉంటుంది. వాళ్లేమో ఇంట్లో వంట అయ్యాక చెబుతారు. రాత్రంతా ఓర్చుకుని తెల్లారి కొడుకు చేత మాత్ర తెప్పించుకుంటారు. కొడుకు ‘అమ్మకు నీరసంగా ఉందంట, ఏదన్నా టానిక్ ఇవ్వండి’ అంటాడు. ఎవరికి కావాలో ఆ మనిషి ఎదురుగా లేనప్పుడు మేం మాత్రం ఏం చూసి చెప్పగలం?

ఛాతీ మధ్యలో బండ పెట్టినట్టు బరువుగా ఉండి పది పదిహేను నిమిషాలైనా పోకపోతే, దానికి చెమటో ఆయాసమో వాంతో తోడైతే, చెయ్యికో దవడకో పాకితే 108కి ఫోన్ చేయడమొక్కటే పని. ఆ పది నిమిషాలు కూడా నొప్పి ఒక్కటే ఉన్నప్పటి మాట. మిగతావి కనిపిస్తే అంతసేపూ ఆగొద్దు. 2005లో మన దగ్గర మొదలైన సర్వీసు అది, పైసా ఖర్చు లేదు. అయినా ఇద్దరి మధ్య బైకు మీద కూర్చోబెట్టి తీసుకెళ్తున్నారు. దారిలో గుండె ఆగితే ఆ ఇద్దరూ ఏం చేస్తారు? మధ్యలో ఒక ప్రైవేటు క్లినిక్ దగ్గర ఆపుతారు. మా ఊళ్లలో క్లినిక్కులు చాలావరకు మందుల షాపుల పైన, మొదటి అంతస్తులో ఉంటాయి. లిఫ్టు ఉండదు. గుండె నొప్పితో ఉన్న మనిషిని ఇరవై మెట్లు ఎక్కిస్తారు!

గుండెకు రక్తం ఆగిపోయిన నిమిషం నుంచి కండరం చచ్చిపోతూ ఉంటుంది, పోయింది మళ్లీ రాదు. గడ్డను కరిగించే ఇంజెక్షన్ అయినా స్టెంట్ అయినా మొదటి ఒకటి రెండు గంటల్లో చేసే మేలు వేరు, పన్నెండు గంటలు దాటాక ఇంజెక్షన్‌తో పెద్దగా ఉపయోగం ఉండదు. మాకు పెద్దాసుపత్రి అంటే ఒంగోలు, రెండు గంటల దారి. అందుకే 2023లో మన రాష్ట్రంలో మొదలైన స్టెమీ (గుండె రక్తనాళం పూర్తిగా మూసుకుపోయే రకం గుండెపోటు) కార్యక్రమం మాలాంటి ప్రాంతాలకు ఎంతో అవసరం. చిన్న ఆసుపత్రిలోనే ఈసీజీ తీసి, పెద్దాసుపత్రిలోని గుండె డాక్టరుకు పంపి, ఆయన సరేనంటే గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ అక్కడే ఇస్తారు. బయట పదుల వేల రూపాయలు పలికే మందు ఇది, అక్కడ ఉచితం. నేను అడిగినవాళ్లలో నూటికి తొంభై మందికి ఈ సంగతే తెలియదు. మా చుట్టుపక్కల ఒక ఆసుపత్రిలో సాయంత్రం తర్వాత ఈసీజీ తీసే మనిషి ఉండడని, రోల్ పేపర్ అయిపోయిందని వెనక్కి పంపారని నాకు స్వయంగా రోగుల బంధువులే చెప్పారు. గుండెపోటు ఓపీ వేళలు చూసి రాదు కదా.

ఒక ఈసీజీ మామూలుగా వచ్చిందని ఇంటికి వచ్చేసేవాళ్ల గురించి కూడా చెప్పాలి. మొదటి గంటల్లో ఈసీజీలో తేడా కనిపించకపోవచ్చు. గుండె కండరం దెబ్బతిన్నదీ లేనిదీ చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష కూడా కొన్ని గంటలు పోయాక మళ్లీ చేస్తేనే తేలుతుంది. డాక్టరు ‘కాసేపు ఉండండి’ అంటే బిల్లు పెంచడానికే అనుకోవద్దు.

వాట్సాప్ వైద్యం సంగతి వేరే. గట్టిగా దగ్గుతూ ఉంటే గుండెపోటు నుంచి బయటపడొచ్చనే మెసేజ్ ఏళ్లుగా తిరుగుతోంది. ఇంట్లో ఒంటరిగా ఉన్న రోగికి అలా చేయమని చెప్పడానికి వైద్యంలో ఆధారం లేదు. ఉన్న కాస్త సమయం ఫోన్ చేయకుండా దగ్గడానికి పోతుంది. నాలుక కింద సార్బిట్రేట్ (గుండె నొప్పికి వాడే మాత్ర) పెట్టుకోమనే మెసేజ్ చూసి కొనడానికి వచ్చేవాళ్లు ఇంకా ఎక్కువ. అది బీపీని పడేస్తుంది. వయాగ్రా లాంటి మాత్ర వేసుకున్నవాళ్లకైతే ప్రాణాంతకం, ఆ మాట భార్య ముందు ఎవరూ చెప్పరు. ఆస్పిరిన్ నమలడం మంచిదే గానీ, అల్సర్‌తో రక్తం పడినవాళ్లకు, ఆస్పిరిన్ పడనివాళ్లకు కాదు. 108 వాళ్లు చెప్పాక నమలండి.

అధికారులకు నా విన్నపం పెద్దదేం కాదు. మందుల షాపుల్లో మా చేత ఎన్నో బోర్డులు పెట్టిస్తున్నారు. ఛాతీ నొప్పి లక్షణాలు, 108 నంబరు ఉన్న బోర్డు ఒకటి గ్యాస్ మాత్రల అర పక్కనే పెట్టాలని ఔషధ నియంత్రణ శాఖ ఆదేశిస్తే ఖర్చు రెండు వందలు కూడా కాదు. ఆర్‌ఎంపీలను తిట్టి లాభం లేదు, అర్ధరాత్రి పల్లెలో తలుపు తీసేది వాళ్లే. గ్యాస్ ఇంజెక్షన్ వేసే ముందు ఎవరిని పంపించేయాలో వాళ్లను కూర్చోబెట్టి చెప్పాలి. ఈసీజీ ఉన్న ప్రతి ఆసుపత్రిలో రాత్రి పూట దాన్ని తీసే మనిషి ఉండాలి.

మీ పత్రికను కోరేది కూడా ఒకటుంది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఏయే ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇరవై నాలుగు గంటలూ దొరుకుతుందో కనుక్కుని, ఫోన్ నంబర్లతో ఆ జాబితా జిల్లా పేజీలో వేయండి. కత్తిరించి మా కౌంటర్ అద్దానికి అంటిస్తాను.

ఇట్లు,
ఒక మందుల షాపు యజమాని,
కనిగిరి ప్రాంతం