వేడి కొలనుకు వెళ్లేవారికి

సంపాదకులకు,

పిల్లల దగ్గరకని యూరప్ వెళ్లే శ్రీకాకుళం పెద్దలు ఇప్పుడు ఐస్‌లాండ్ కూడా చూసొస్తున్నారు. ఆ దేశ రాజధాని రేక్‌యవిక్‌కు సుమారు 75 కిలోమీటర్ల దూరంలోని లోయ్‌గర్‌వాట్న్ సరస్సు ఒడ్డున భూగర్భ వేడినీటి కొలనులున్నాయి. ఆ పేరుకు అర్థమే స్నానాల సరస్సు.

అరసవల్లి పుష్కరిణిలోలా కట్టుబట్టలతో మునగడం అక్కడ కుదరదు. ముందు షవర్ దగ్గర ఒంటిమీద బట్టలేమీ లేకుండా తల, చంకలు, గజ్జలు, పాదాలు సబ్బుతో కడుక్కోవాలి. ఆ తర్వాతే ఈత దుస్తులు. మొహమాటపడి తడి బట్టలపైనే నీళ్లు పోసుకుంటే సిబ్బంది వెనక్కి పంపుతారు. నీటిలో క్లోరిన్ తక్కువ, అందుకే అంత పట్టింపు. తలకు కొబ్బరినూనెతో దిగకూడదు.

వెండి మెట్టెలు, పట్టీలు తీసి లాకర్‌లో పెట్టండి. గంధకపు ఆవిరి తగిలితే వెండి నల్లబడుతుంది. మెట్టెలు తీయడం ఇష్టంలేకపోతే, ఇంటికొచ్చాక గిన్నెలో అల్యూమినియం రేకు పరిచి, వంటసోడా కలిపిన వేడినీళ్లు పోసి, వెండి ఆ రేకుకు తగిలేలా కాసేపు ఉంచితే నలుపు చాలావరకు పోతుంది.

ఆవిరి గదిలో పది నిమిషాలు చాలు. రక్తనాళాలు వ్యాకోచించి రక్తపోటు పడిపోతుంది, గభాలున లేస్తే కళ్లు తిరుగుతాయి. బీపీ మాత్రలు వాడేవారు డాక్టర్‌ను అడిగే వెళ్లాలి. అక్కడి నుంచి నేరుగా చల్లటి సరస్సులో దూకితే ఊపిరి ఎగబీలుస్తుంది. మోకాళ్ల లోతు వరకు మెల్లగా దిగండి. ఒడ్డున బుడగలొచ్చే ఇసుకలో మాత్రం కాలు పెట్టొద్దు: అక్కడి నీరు దాదాపు మరిగేదే. రై అనే ధాన్యంతో చేసే రొట్టె పిండిని గిన్నెలో మూసి, అదే ఇసుకలో పాతి, ఇరవైనాలుగు గంటల తర్వాత తవ్వి తీస్తారు. తియ్యగా ఉంటుంది, వెన్నతో తినండి.

- ఒక పాఠకుడు, శ్రీకాకుళం