ఉద్యోగం పోయిందనే చెప్పు, అక్కయ్యా

ఈస్ట్ హామ్, లండన్
16 నవంబరు 2025, ఆదివారం

పూజ్యురాలైన అక్కయ్యకు నమస్కరించి రాయునది.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. అక్కడ నువ్వు, బావగారు, పిల్లలు క్షేమమని తలుస్తాను. వారం వారం ఫోనులో మాట్లాడుకుంటున్నా ఈసారి కాగితం తీసుకుని కూర్చున్నాను. ఈ సంగతి ఫోనులో ఎత్తుకున్న ప్రతిసారీ నా గొంతు పూడుకుపోతోంది, వెంటనే వంట మీదికో వాన మీదికో మాట మళ్లిస్తున్నాను. నీకది తెలుస్తూనే ఉంది, అందుకే నువ్వూ గుచ్చి గుచ్చి అడగడం లేదు.

మొన్న అరండల్‌పేట పిన్ని వాట్సాప్‌లో "రిటైరయ్యావటగా తల్లీ, ఇక హాయిగా ఉండు" అని పంపింది. ఆవిడకు ఆ మాట నువ్వే చెప్పి ఉంటావు. నా పరువు కాపాడాలనే అలా చెప్పావు, అందులో నాకు సందేహం లేదు, కోపం అంతకన్నా లేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నేను రిటైరు కాలేదు, అక్కయ్యా. నా ఉద్యోగం పోయింది. ఈ రెండింటికీ మధ్య ఎంత దూరముందో నీకైనా పూర్తిగా చెప్పుకోవాలని రాస్తున్నాను.

నీ పదవీ విరమణ తేదీ నువ్వు ఉద్యోగంలో చేరినప్పుడే సర్వీసు రిజిస్టరులోకి ఎక్కింది. 2014లో ఆ వయసును 58 నుంచి 60కి పెంచినప్పుడు నీకు రెండేళ్లు కలిసొచ్చాయి. 2022లో 62 చేసేనాటికి నువ్వు ఇంటిపట్టున ఉన్నావు. ఆ రోజు ఎప్పుడొస్తుందో నీకూ తెలుసు, బావగారికీ తెలుసు, పిల్లలకూ తెలుసు. 2017లో మీ హైస్కూల్లో జరిగిన సభకు సెలవు దొరక్క నేను రాలేకపోయాను గానీ, ఫోటోలన్నీ దాచుకున్నాను. శాలువా, చామంతి దండ, ముందు వరుసలో పాత విద్యార్థులు. ఒక ఫోటోలో నీ కుడిచేతి వేళ్లకు ఇంకా సుద్దపొడి ఉంది, అంటే సభకు ముందు పీరియడు కూడా పాఠం చెప్పే వచ్చావన్నమాట. ఉద్యోగం ముగియడమంటే అలా ఉంటుందని నేను అనుకునేదాన్ని.

నాకు ఇరవై నిమిషాల వీడియో సమావేశంలో చెప్పారు. చెప్పినాయన ఎవరో, అంతకుముందు మాలో ఒక్కరమూ చూడలేదు. బిల్లులు చెల్లించే మా విభాగంలోని 34 కొలువులూ హైదరాబాదుకు వెళ్తున్నాయని, ఇరవై మందికి పైగా ఉన్నాం కాబట్టి చట్టప్రకారం 30 రోజులు మాతో సంప్రదింపులు జరుపుతారని చదివి వినిపించారు. అప్పటికే తేలిపోయిన దాని మీద జరిగే సంప్రదింపులు ఎలా ఉంటాయో నీకు వేరే చెప్పనక్కరలేదు. ఆ తర్వాత 12 వారాల నోటీసు ఇచ్చారు. ఆగస్టు 31తో నా పంతొమ్మిదేళ్ల కొలువు అయిపోయింది. పనిచేసిన ప్రతి ఏడాదికీ ఒకటిన్నర వారాల జీతం చొప్పున ఇరవై ఎనిమిదిన్నర వారాల సొమ్ము చేతికొచ్చింది. 41 ఏళ్లు దాటిన వాళ్లకు ఇక్కడి చట్టం కట్టే లెక్క అది. అయితే జీతం ఎంతున్నా ఈ ఏడాది వారానికి 719 పౌండ్లకు మించి ఆ లెక్కలోకి తీసుకోలేదు. పన్ను పడలేదు. డబ్బు విషయంలో మమ్మల్ని అన్యాయం చేశారని నేను అనను. అన్నేళ్లు పనిచేసిన మనుషులను ఒక గదిలో కూర్చోబెట్టి, ఎదురుగా నిలబడి ఒక్క మాట చెప్పలేకపోయారనే బాధ మాత్రం ఇంకా పోలేదు.

ఇంకో సంగతి ఇంతవరకు నీకు చెప్పలేదు. ఆ పని హైదరాబాదు వాళ్లకు నేర్పింది నేనే. ఆరు వారాలపాటు రోజూ ఉదయం రెండు గంటలు తెర మీద చూపిస్తూ చెప్పాను. అవతల ఉన్న నలుగురిలో ఒక అమ్మాయిది తెనాలి. ఇరవై నాలుగేళ్లుంటాయి, చురుకైన పిల్ల. నా దగ్గర పంతొమ్మిదేళ్లుగా రాసుకున్న నోటుపుస్తకం ఒకటుండేది. ఏ సరఫరాదారు డిసెంబరు చివర ఒకే బిల్లును రెండుసార్లు పంపుతాడో, ఎవరి చేతిరాతలో ఏడు ఒకటిలాగా కనబడుతుందో, ఎవరికి ఒక్కరోజు ఆలస్యమైనా లారీ కదలదో, అన్నీ అందులో ఉండేవి. ఒక్కొక్క పేజీ చదివి వినిపిస్తుంటే ఆ పిల్ల శ్రద్ధగా రాసుకునేది. నాలుగో వారంలో ఒకరోజు మిగతా ముగ్గురూ లేచి వెళ్లాక తెలుగులో అడిగింది: "మేడమ్, మాకు ఇదంతా అప్పజెప్పాక మీరు ఏ టీమ్‌లోకి వెళ్తారు?"

ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు, అక్కయ్యా. "ఏ టీమ్‌లోకీ వెళ్లనమ్మా, నా పని అయిపోయింది" అన్నాను. తల దించుకుంది. కాసేపటికి "సారీ మేడమ్" అంది, గొంతు సరిగా రాలేదు. నేనే సర్ది చెప్పి పంపాను. మర్నాడు మామూలుగానే వచ్చింది గానీ, అంతకుముందు కన్నా ఎక్కువ అడిగింది, ఎక్కువ రాసుకుంది. చివరి రోజు ఆ పుస్తకంలోని పేజీలన్నీ స్కాన్ చేసి ఆమెకే పంపాను. ఆ ఉద్యోగం నాకు లేకపోయినా మన జిల్లా పిల్ల చేతిలో పడింది, దాని మీద నాకు ఈర్ష్య లేదు. మన నాన్నగారు ఉండి ఉంటే ఆ పిల్ల ఇంటిపేరు అడిగి, వాళ్ల పెద్దవాళ్లెవరో ఆరా తీసేవారు.

ఇక ఆ మాట సంగతి. ఇక్కడ దీన్ని రిడండెన్సీ అంటారు. 1996 నాటి చట్టం ప్రకారం, ఒక పని చేసే మనుషుల అవసరం తగ్గిపోవడమో, అసలు లేకుండా పోవడమో జరిగితే అది రిడండెన్సీ అవుతుంది. అక్కర లేకుండా పోయేది కొలువు. మనిషిలో తప్పు పట్టడానికి అందులో చోటు లేదు. మన గుంటూరులో దీనికి తూకం సరిపోయే మాట నాకు దొరకలేదు. "తీసేశారు" అంటే ఏదో తప్పు చేసి ఉంటుందనుకుంటారు. "వి.ఆర్.ఎస్. తీసుకుంది" అంటే నేనే కోరుకున్నట్టు అవుతుంది. "రిటైరైంది" అంటే శాలువా కప్పించుకుని వచ్చినట్టు, రేపటినుంచి పింఛను వస్తున్నట్టు ధ్వనిస్తుంది. వెతగ్గా వెతగ్గా "ఉద్యోగం పోయింది" అన్నదే నిజానికి దగ్గరగా ఉంది. నాన్నగారు పోయినప్పుడూ పోయారనే అన్నాం. అందులో ఎవరి తప్పూ వినబడదు, పోయిన దాని విలువా తగ్గదు.

మాట దగ్గర ఇంత పట్టింపు ఎందుకంటావేమో. రిటైరైందని నలుగురూ అనుకుంటే, నా పరిస్థితి ఏమిటో ఎవరికీ అర్థం కాదు. నేను 1964లో పుట్టాను. నా ఈడు వాళ్లకు ఇక్కడి ప్రభుత్వ పింఛను 67 నిండాకే, అంటే 2031లో గానీ మొదలుకాదు. ఇంకా ఆరేళ్లుంది. పూర్తి పింఛనుకు 35 ఏళ్ల చందా కావాలి. నావి 24 అయ్యాయి. ఇకమీదట కలిసే ఒక్కొక్క ఏడాదికీ పూర్తి పింఛనులో 35వ వంతు చేరుతుంది. అందుకే సెప్టెంబరు మొదటి వారంలో జాబ్‌సెంటర్‌కు, అంటే ఇక్కడి ప్రభుత్వ ఉపాధి కార్యాలయానికి వెళ్లి పేరు రాయించుకున్నాను. పని వెతుక్కునేవాళ్లకు వారానికి 92 పౌండ్ల చొప్పున ఆరు నెలలు భృతి ఇస్తారు. ఆ డబ్బు కన్నా ముఖ్యం, ఆ కాలమంతా నా పింఛను ఖాతాలో చందా కట్టినట్టే జమ పడుతుంది.

మొదటిరోజు ఆ గుమ్మం ఎక్కలేక రోడ్డుకు అవతలే పది నిమిషాలు నిలబడ్డాను. అప్పుడు 1985 గుర్తుకొచ్చింది. నా బి.కాం. అవ్వగానే నువ్వే చేయి పట్టుకుని గుంటూరు ఎంప్లాయ్‌మెంటు ఎక్స్‌చేంజికి తీసుకెళ్లావు. వరండా దాటి ఎండలోకి వచ్చిన వరుసలో రెండు గంటలు నిలబడ్డాం. సర్టిఫికెట్లు తడవకుండా నీ కొంగు కింద పెట్టుకున్నావు, నా చేతులకు అంత చెమట పట్టింది మరి. రెన్యూవల్ తేదీ దాటితే సీనియారిటీ పోతుందని కార్డు మీద తేదీని ఎర్ర సిరాతో క్యాలెండరులో రాశావు. ఆ కార్డు మీద ఒక్క ఇంటర్వ్యూ కూడా రాలేదు గానీ, అప్పుడు వరుసలో నిలబడడానికి మనం సిగ్గుపడలేదు. ఊళ్లో సగం మంది పిల్లలు అక్కడే ఉన్నారు. ఆ మాటే తలుచుకుని రోడ్డు దాటాను. లోపల నా పని చూసిన అమ్మాయికి మా అబ్బాయి వయసుంటుంది. నేను ఇరవై నిమిషాలలో ఏ పట్టికైనా సరిచూడగలనని చెబితే ఆశ్చర్యపోయింది. ఇప్పటికి పదకొండు చోట్ల దరఖాస్తు పెట్టాను. రెండు చోట్ల మాట్లాడడానికి పిలిచారు, తర్వాత కబురు లేదు. వయసు వల్ల కాదనడానికి ఇక్కడ చట్టం ఒప్పుకోదు, అందుకని ఎవరూ ఆ కారణం చెప్పరు.

ఇంట్లో ఎలా ఉన్నానో నువ్వు అడుగుతావు. మొదటి నెలంతా ఉదయం అయిదూ నలభైకే మెలకువ వచ్చేసేది. మీ మరిదిగారికి ఆసుపత్రి ల్యాబులో ఇంకా రెండేళ్ల ఉద్యోగముంది. ఆయన బయటికి వెళ్లాక తలుపు చప్పుడు వినబడగానే ఇల్లంతా ఒక్కసారి పెద్దదైపోయినట్టు ఉండేది. వండినదే మళ్లీ వేడిచేసేదాన్ని, తుడిచిన గట్టే మళ్లీ తుడిచేదాన్ని. మా అబ్బాయి ఫోను చేసి "ఇన్నాళ్లూ కష్టపడ్డావు, విశ్రాంతి తీసుకో అమ్మా" అంటాడు. వాడి ప్రేమ నాకు తెలుసు. కానీ విశ్రాంతి అనేది పని మధ్యలో దొరికితేనే రుచిస్తుందని వాడికి ఈ వయసులో ఎలా తెలుస్తుంది?

లండన్‌లో అరవై నిండిన వాళ్లకు బస్సులు, రైళ్లు ఉచితంగా ఎక్కడానికి ఒక కార్డు ఇస్తారు. నాకది కిందటేడే వచ్చింది. అయితే పనిరోజుల్లో ఉదయం 9 గంటల తర్వాతే ఉచితం. నేను ఏడూ ఇరవైకే డిస్ట్రిక్ట్ లైను రైలెక్కి టవర్ హిల్‌లో దిగేదాన్ని కాబట్టి, ఏడాదిగా పొద్దున పూట ఎప్పుడూ డబ్బు కట్టే వెళ్లాను. అక్టోబరులో ఒక సోమవారం ఎక్కడికని లేకుండా బయల్దేరి, స్టేషను దగ్గర 9 కొట్టేదాకా ఆగాను. గేటు దగ్గర నాలాగే ఆగినవాళ్లు ఏడెనిమిది మంది ఉన్నారు, అందరివీ నెరిసిన తలలే. ఒక సిక్కు పెద్దాయన చేతి గడియారం చూసి "అయింది" అన్నట్టు తల ఊపాడు. అందరం ఒకరి వెనక ఒకరు లోపలికి వెళ్లాం. పెట్టె సగం ఖాళీ. పంతొమ్మిదేళ్లలో ఆ రైల్లో పొద్దున పూట నాకు సీటు దొరికిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ రోజు కిటికీ పక్కన కూర్చుని టవర్ హిల్ దాకా వెళ్లాను, దిగలేదు. తలుపులు మూసుకుని రైలు కదిలాక గానీ నాకు ఏడుపు రాలేదు. ఎదుటి సీటులో ఆవిడ ఏమీ అడగకుండా ఒక కాగితపు రుమాలు ఇచ్చింది. నాకు ఆ రోజుతో ఉద్యోగం అయిపోయింది. కాగితం మీద ఆగస్టు 31 అని ఉన్నా, నా లెక్కలో ఆ సోమవారమే.

ఆ తర్వాత కొంచెం నెమ్మదించాను. ఇక్కడ హై స్ట్రీట్ నార్త్‌లో ఇడ్లీపిండి, కూరగాయలు అమ్మే తమిళులాయన తన కొట్టు లెక్కలు చూసిపెట్టమని అడుగుతున్నాడు. మూడు నెలలకోసారి పన్ను పత్రం దాఖలు చేయాలి, బిల్లులన్నీ ఒక అట్టపెట్టెలో కుక్కి ఉన్నాయి. వారానికి రెండు రోజుల పని, జీతం కొద్దిగానే ఇవ్వగలడు. ఆ పెట్టె చూడగానే నా చేతులు ఊరుకోలేదు, అక్కడే నిలబడి నెలలవారీగా విడదీసి పెట్టాను. ఏప్రిల్ నుంచి వస్తానని మాట ఇచ్చాను.

గుంటూరు వచ్చేయమని నువ్వు ఎన్నిసార్లు అన్నావో లెక్కలేదు. బ్రాడీపేట మేడమీద వాటా నాకోసమే ఖాళీగా ఉంచావని తెలుసు. రాకూడదని కాదు. నేను ఇండియాలో స్థిరపడితే నా పింఛను మొదలైన రోజున ఎంత ఉంటుందో అంతే వస్తుంది, ఏటేటా పెరగదు. కొన్ని దేశాలలో ఉండేవాళ్లకు ఇక్కడి ప్రభుత్వం పెంపు ఇవ్వదు, అందులో మన దేశం ఒకటి. నీ పింఛనుకు కరవు భత్యం కలుస్తున్నట్టు నాకు కలవదు. ఎనభయ్యేళ్ల వయసులో మందుల ఖర్చు ఎంతుంటుందో ఇప్పుడు చెప్పలేం కదా. మీ మరిదిగారి ఉద్యోగం అయ్యాక ఇద్దరం కూర్చుని తేల్చుకుంటాం. అప్పటిదాకా ఆ వాటాను అద్దెకిచ్చెయ్యి. ఖాళీగా ఉంచి నా కోసం ఎదురుచూడవద్దు.

సంక్రాంతికి మాత్రం రాలేను. జాబ్‌సెంటర్ డబ్బు తీసుకునేవాళ్లు పనికి అందుబాటులో ఉండాలి, దేశం దాటితే అది ఆగిపోతుంది. మార్చి మొదటి వారంతో ఆరు నెలలూ నిండుతాయి. ఉగాది మార్చి 19న కదా, దానికి పది రోజుల ముందే వస్తాను. మిర్చి యార్డుకు బస్తాలు దిగే రోజులు, ఊరంతా ఘాటుగా ఉంటుంది, నీకు దగ్గు వస్తుందని తెలుసు. అయినా ఆ వాసన చూసి ఎన్నేళ్లయిందో. ఇన్నేళ్లలో ఎప్పుడొచ్చినా మూడు వారాల సెలవే, వచ్చిన రోజునుంచే తిరుగు ప్రయాణం లెక్కపెట్టేదాన్ని. ఈసారి తిరుగు టికెట్టు ఏప్రిల్‌కు తీసుకున్నాను.

పిన్నికి ఇప్పుడు ప్రత్యేకంగా ఫోను చేసి దిద్దవద్దు, ఆవిడ కంగారుపడుతుంది. తనంతట తాను అడిగితే మాత్రం ఉద్యోగం పోయిందని చెప్పు. ఇంకొకటి, నాన్నగారి ట్రంకుపెట్టెలో నా సర్టిఫికెట్ల అడుగున ఆ ఎంప్లాయ్‌మెంటు కార్డు ఉండాలి. ఉంటే తీసి పెట్టు.

బావగారికి నా నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

నీ చెల్లెలు