ఖిలా వరంగల్ పాల కాకకు థాంక్స్

మొన్న ఆదివారం పొద్దున ఖిలా వరంగల్‌లో, టీవీఎస్ ఎక్సెల్ మీద పాల క్యాన్లతో పోతూ మా కోసం బండి ఆపిన కాకా, మీ పేరు కూడా అడగలేదు. అందుకే ఈ నాలుగు ముక్కలు.

నేనూ, నా దోస్తూ వారాంతాల్లో కలిసి లాంగ్ రన్ చేస్తాం. ఆ రోజు 20 కిలోమీటర్లు అనుకున్నాం. వడ్డేపల్లి చెరువు కట్ట, హన్మకొండ, భద్రకాళి చెరువు, అక్కణ్నుంచి కోట. మాట్లాడుకుంటూ పరుగెత్తగలిగే స్పీడే మాది. ఆ ముచ్చట్ల కోసమే పొద్దున్నే లేస్తామేమో! మట్టికోట దాటి రాతికోటలోకి వచ్చాం, తోరణాలు కనబడుతున్నాయి, అంతలోనే వాడికి పిక్క పట్టేసింది. కింద కూలబడి ఒకటే అరుపు. నాకు టెన్షన్‌తో చేతులాడలేదు.

మీరు మోకాలు చాపించి, పాదం వేళ్లను మెల్లగా మోకాలి వైపు వంచి పట్టుకున్నారు. గట్టిపడ్డ పిక్క మీ చేతి కిందే వదులవుతుంటే వాడి మొహం తేటపడింది. తర్వాత పక్కింటి అవ్వనడిగి ఉప్పు, చక్కెర, నిమ్మకాయ పిండిన నీళ్లు తెచ్చారు. "చెమటల ఉప్పంత పోతది బిడ్డా, ఉత్త నీళ్లు సాలయి" అన్నారు. మా ఫోన్లలో ఉన్న రన్నింగ్ యాప్‌లేవీ ఆ టైమ్‌కి ఆ మాట చెప్పలేదు మరి.

పాలు ఆలస్యమైనందుకు ఎవరైనా మిమ్మల్ని అన్నారో ఏమో. వాడిప్పుడు బాగానే నడుస్తున్నాడు కాకా. వచ్చే ఆదివారం అటే వస్తాం, చాయ్ మాదే.