వాటర్‌షెడ్ వాళ్లు వెళ్లిపోయాక గట్టు ఎవరిది?

సంపాదకులకు నమస్కారం.

మా మండలంలో మళ్లీ వాటర్‌షెడ్ సర్వే, అంటే వాననీళ్లనూ మట్టినీ ఎక్కడికక్కడ ఆపే పనుల సర్వే, మొదలైంది. గుట్ట వాలు కొలుస్తున్నారు, సర్వే నంబర్లు రాసుకుంటున్నారు, ఫారంపాండ్ (చేలో తవ్వే నీటిగుంట) కావలసినవాళ్లు దరఖాస్తు పెట్టుకోమంటున్నారు. సంతోషమే. కాకపోతే ఇదే గుట్ట కింద చాలా ఏళ్ల క్రితం కూడా పనులు జరిగాయి. అప్పటి కందకాలు మట్టితో పూడిపోయాయి. గట్లు సగం ట్రాక్టర్ల కింద కలిసిపోయాయి. వంక మీది చెక్‌డ్యాం వెనక నీళ్లు నిలవాల్సిన చోట ఇసుక మేట, ముళ్లకంప ఉన్నాయి. పాతవి ఎందుకిలా అయ్యాయని మొన్నటి గ్రామసభలో ఎవరూ అడగలేదు, పైనుంచి వచ్చినవాళ్లూ చెప్పలేదు. కొత్త ఎస్టిమేట్లు ఖరారయ్యేలోపు ఆ మాట తేలాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. తక్కువే, అయినా అంతకంటే ఇబ్బంది అది పడే తీరుతోనే. నెల రోజులు చినుకు ఉండదు, ఒక్క సాయంత్రం యాభై మిల్లీమీటర్లు కుమ్మరిస్తుంది. ఎకరంలో ఒక మిల్లీమీటరు వాన పడిందంటే నాలుగు వేల లీటర్లు. యాభై అయితే రెండు లక్షల లీటర్లు. మా ఎర్రనేలలకు లోతు తక్కువ, దెబ్బవానకు పైన పెచ్చు కడతాయి, నీళ్లు ఇంకేలోపే వాలు పట్టి వంకలోకి పోతాయి. పోతూ పోతూ పైమట్టిని కూడా తీసుకుపోతాయి. రైతు ఎరువు తోలింది ఆ మట్టికే. ఆ తర్వాత వేరుశనగ ఊడలు దిగే రోజుల్లో బెట్ట వస్తే, పోయిన నీళ్లలో పావు వంతు ఉన్నా పంట నిలిచేదని అందరం అనుకుంటాం.

పదికి పది మీటర్లు, రెండున్నర మీటర్ల లోతు ఫారంపాండ్‌లో, పక్కలు వాలుగా తీస్తారు కాబట్టి, లక్షన్నర లీటర్ల దాకా పడతాయి. ఎకరానికి ఒక మంచి తడికి అవి చాలు. అయితే లోపల మట్టి, సిమెంటు కలిపి పూత వేయకపోతే మా నేలలో ఆ నీళ్లు ఎక్కువ రోజులు నిలవవు. తవ్వడం వరకే బిల్లు పెట్టి పూత వదిలేసిన గుంటలు మా చుట్టుపక్కల చాలానే ఉన్నాయి. భూగర్భజలం పెరుగుతుంది కదా అంటారు. పెరుగుతుంది, కానీ అది ఎవరి బోరులో పెరుగుతుందన్న దగ్గరే అసలు తగాదా.

దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. వాలు మధ్యలో ఉన్న రైతు గట్టు కోసం రెండు మూడు సెంట్లు వదులుకుంటాడు. గట్టు వెనక తడి ఆరేదాకా అక్కడ గొర్రు దిగదు, పదును పోతుందని అతనికి టెన్షన్. ఇంకిన నీళ్లేమో కింద చీనీ (బత్తాయి) తోట బోరుకు చేరతాయి. పై రైతు నష్టం, కింది రైతు లాభం రెండూ కళ్లకు కనిపిస్తున్నా, వాళ్లిద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించిన అధికారిని నేను చూడలేదు. పైగా మా పక్క అన్నదమ్ములు పంచుకునేటప్పుడు పైనుంచి కిందికి నిలువుగా పంచుకుంటారు, మంచి నేల, గులక నేల అందరికీ సమంగా రావాలని. ఇంజనీరు గీసే కాంటూరు గట్టేమో నేల ఒకే ఎత్తులో ఉన్న గీత వెంట, వాలుకు అడ్డంగా పోతుంది. నలుగురి చేలల్లోంచి పోయే గట్టుకు ఒకడు ఒప్పుకోకపోతే అక్కడ గండి, ఆ గండిలోంచి వాననీళ్లన్నీ ఒక్కసారిగా వచ్చి మిగతా ముగ్గురి చేలనూ కోసేస్తాయి. ఈ గొడవంతా ఎందుకని చివరికి హద్దుల మీదే గట్లు పోసి, రికార్డులో మాత్రం కాంటూరు అని రాసుకుంటారు. కౌలు రైతు సంగతి సరేసరి. వచ్చే ఏడాది ఆ చేను తనకుంటుందో లేదో తెలియనివాడు గట్టు మీద గ్లైరిసీడియా (పచ్చిరొట్ట చెట్టు) ఎందుకు నాటుతాడు?

నిబంధనలు రాసినవాళ్లకు ఇవి తెలియవని నేను అనను. వాటర్‌షెడ్ పనుల మీద కేంద్రం వేసిన సి.హెచ్. హనుమంతరావు గారి కమిటీ 1994లో నివేదిక ఇచ్చింది, 1995 నుంచి పనులు ఊరి కమిటీల చేతికి వచ్చాయి. కేంద్రం 2008లో ఇచ్చిన వాటర్‌షెడ్ ఉమ్మడి మార్గదర్శకాల్లో ఒక మంచి ఏర్పాటు ఉంది. సొంత భూమిలో మట్టి, నీటి పనులకు రైతు పది శాతం, ఎస్సీ, ఎస్టీలు, సన్న, చిన్నకారు రైతులైతే ఐదు శాతం వాటా కట్టాలి. ఆ డబ్బు వాటర్‌షెడ్ అభివృద్ధి నిధిలో ఉండాలి, ప్రాజెక్టు అయిపోయాక ఉమ్మడి కట్టడాల మరమ్మతులకు వాడాలి. కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి! మా దగ్గర జరిగింది వేరు. వాటాను భూమి ఉన్న రైతు కట్టలేదు, పనిచేసిన కూలీల డబ్బుల్లోంచి కోశారు. అలా చేరిన నిధి ఏ బ్యాంకులో ఉంది, ఎంత ఉంది, ఎవరి సంతకంతో తీయాలి అని అడిగితే పాత కమిటీ వాళ్లకూ తెలియదు, మండల ఆఫీసులోనూ జవాబు లేదు. చెక్‌డ్యాం పక్క కట్ట తెగినప్పుడు పది ట్రాక్టర్ల మట్టి, నాలుగు రోజుల కూలి ఖర్చు చేసి ఉంటే సరిపోయేది. ఆ మాత్రం డబ్బు లేక లక్షల కట్టడం పనికిరాకుండా పోయింది.

2021లో మొదలైన కేంద్ర వాటర్‌షెడ్ పథకం రెండో విడతలో మైదాన ప్రాంతాలకు హెక్టారు ఖర్చును 12 వేల నుంచి 22 వేలకు పెంచారు. గడువు మాత్రం మూడు నుంచి ఐదేళ్లే. మట్టి కోతకు గడువు ఉండదు. అమెరికాలో దుమ్ము తుఫానులు చూశాక 1935లో భూసంరక్షణ చట్టం తెచ్చారు. 1937లో నార్త్ కరొలైనాలో బ్రౌన్ క్రీక్ దగ్గర మొదటి భూసంరక్షణ డిస్ట్రిక్ట్ ఏర్పడింది. ఇవాళ అలాంటివి దేశమంతా సుమారు మూడు వేలు ఉన్నాయి. స్థానిక రైతులు బోర్డులో కూర్చుంటారు, సలహాకు సాంకేతిక సిబ్బంది ఉంటారు, పథకాల పేర్లు మారినా ఆ సంస్థ అక్కడే ఉంటుంది. వాళ్ల కమతాలు వందల ఎకరాలు, మావి మూడు నాలుగు ఎకరాలు, కాబట్టి యథాతథంగా తెచ్చిపెట్టమని అడగడం లేదు. శాశ్వతంగా ఉండే మనిషి ఒకరు, శాశ్వతంగా ఉండే కమిటీ ఒకటి కావాలన్నదే నా వాదన. అంత దూరం పోనక్కర్లేదు కూడా. 2000 తర్వాతి దశాబ్దంలో మా జిల్లాతో సహా ఏడు కరువు జిల్లాల్లో ఒక పథకం కింద రైతులే బోర్ల నీటిమట్టం కొలిచి, వానమాపకం చూసి, రబీకి ముందు ఊరి నీటి లెక్క గోడ మీద రాసి పంటలు ఎంచుకున్నారు. ఆ పథకమూ ముగిసింది, ఆ లెక్కా ఆగిపోయింది.

అందుకే జిల్లా అధికారులకు నా విన్నపం. రైతు సేవా కేంద్రంలో విత్తనాలకూ ఎరువులకూ మనిషి ఉన్నట్టే మట్టి, నీళ్ల పని తెలిసిన మనిషిని కనీసం నాలుగైదు ఊళ్లకు ఒకరినైనా పెట్టండి. గట్టు గీత గీసే ముందు ఆ గీత మీద ఉన్న పట్టాదారులనూ కౌలు రైతులనూ దిగువ బోర్ల వాళ్లనూ ఒక్కచోట కూర్చోబెట్టి, నేల పోయే రైతుకు ఏమిస్తారో, కింది రైతు ఏం భరిస్తాడో రాతలో పెట్టండి. పనులు గుట్ట మీది కందకాలతో, వంక మొదట్లోని రాళ్ల అడ్డుకట్టలతో మొదలుకావాలి. జేసీబీకీ సిమెంటుకూ బిల్లు తేలిగ్గా అవుతుందని ముందే చెక్‌డ్యాం కడితే రెండు వానలకు పూడిపోతుంది. మా జిల్లాలోని రేకులకుంట వ్యవసాయ పరిశోధన కేంద్రం వాళ్లు చెప్పే గొడ్డుచాళ్లు, అంటే వేరుశనగలో వాలుకు అడ్డంగా 3.6 మీటర్లకు ఒకటి చొప్పున నీళ్లు ఆపడానికి తీసే ఖాళీ చాళ్లు, దాదాపు ఖర్చు లేని పని. దానికి ఎస్టిమేట్ లేదు కాబట్టి సర్వేలో దాని ఊసే రాలేదు.

పాత వాటర్‌షెడ్ నిధి లెక్క కూడా తేల్చాలి. జిల్లాలో ఏ ఊరి ఖాతాలో ఎంత ఉందో జాబితా తీసి ఆయా పంచాయతీ ఆఫీసుల గోడల మీద అంటించండి. మా ఊరి ఖాతాలో డబ్బుంటే ముంగారు వానలు మొదలయ్యేలోపు ఆ చెక్‌డ్యాం పక్క కట్ట పూడ్చుకుంటాం. దానికి కొత్త ప్రాజెక్టు మంజూరు అయ్యేదాకా ఆగాల్సిన పని లేదు.

ఇట్లు,
ఒక మెట్ట రైతు,
కళ్యాణదుర్గం ప్రాంతం, అనంతపురం జిల్లా