మాఫియా ద్వీపంలో మీరు మర్చిపోయిన ముగ్గురు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి (మీటింగ్ అయిపోయాక చదువుకోగలరు),

విషయం: నా ఫిర్యాదును పట్టించుకోనందుకు ఇంకో ఫిర్యాదు.

అయ్యా,

ముందే చెప్తున్నాను, ఆ ద్వీపం మీద నాకే కోపమూ లేదు. అమ్మానాన్నలు కాకినాడ నుంచి దార్ ఎస్ సలాంలో మా ఇంటికి వచ్చారని, నవంబర్‌లో టాంజానియాలోని మాఫియా ద్వీపానికి మీ దగ్గరే టూర్ ప్యాకేజీ తీసుకున్నాను. నాన్న ఉప్పాడ సముద్రం చూస్తూ పెరిగిన మనిషి. తిమింగల సొరను ఒక్కసారి కళ్లారా చూడాలని ఆయన కోరిక. అక్టోబర్ నుంచి మార్చి దాకా అవి ఆ ద్వీపంలోని కిలిందోని పట్నం ఒడ్డుకు దగ్గరగానే తిరుగుతాయి. తీరా వెళ్తే మా పేరున పడవే లేదు, ఉన్నవన్నీ నిండిపోయాయి. సరే, పొరపాట్లు జరుగుతాయి. ఆ ఒక్కదానికైతే నేనీ ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

ఒడ్డునే నిలబడి మీ హైదరాబాద్ ఆఫీసుకు ఫోన్ చేశాను. ఫోనెత్తిన అమ్మాయి "ఏ మాఫియా సార్?" అంది. ద్వీపం పేరమ్మా అన్నాను. "జాంజిబార్ కదా సార్ మీరు వెళ్లింది?" అంది. ఎక్కడ నిలబడ్డానో నాకు తెలియదా? దార్ ఆఫీసును అడగమన్నారు. అడిగితే, బుకింగ్ హైదరాబాద్‌లో అయింది, అక్కడే తేల్చుకోమన్నారు. మళ్లీ హైదరాబాద్. పదకొండు నిమిషాలు వీణ వాయించి వినిపించారు. బాగుంది. అమ్మ కూడా విన్నది. వీణ అయ్యాక లైన్ కట్టయింది.

మూడో రోజు ఒకాయన దొరికాడు. "అది సముద్ర జీవి సార్, కనిపిస్తుందని మేం గ్యారంటీ ఇవ్వలేం" అన్నాడు. నాయనా, సొర రాలేదని కాదు, పడవ రాలేదని నా గోల. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టుంది మీ సమాధానం. ఆ సాయంత్రమే మీ నుంచి మెసేజ్: "మీ ప్రయాణం ఆనందంగా సాగిందని ఆశిస్తున్నాం, అయిదు నక్షత్రాలు ఇవ్వండి". నేను పంపిన తొమ్మిది మెసేజ్‌లకు మాత్రం నీలం టిక్కులే జవాబు.

ఈ లోపు మమ్మల్ని ఆదుకున్నది ఊటెండె ఊళ్లోని ఒక పడవాయన. పక్కలకు ఊతకర్రలు కట్టిన ఎన్‌గలావా పడవలో పక్కనున్న చోలే దీవికి తీసుకెళ్లాడు. చెట్ల నిండా తలకిందులుగా వేలాడే పెద్ద గబ్బిలాలు, మర్రి ఊడలు మింగేసిన పాత గోడలు. మర్నాడు జిబొండో అనే ఇంకో దీవి. అక్కడ పడవలు ఇప్పటికీ చేతి పనిముట్లతోనే కడతారు. నాన్నకు స్వాహిలీ ముక్క రాదు, ఆ వడ్రంగికి తెలుగు రాదు, అయినా ఇద్దరూ ఒక చెక్క మీద చెయ్యి వేసి అరగంట మాట్లాడుకున్నారు! మీ ఆఫీసులో నాతో అందరూ తెలుగులోనే మాట్లాడారు.

చోలేలో నాన్న అలిసిపోయి ఒక అరుగు మీద కూలబడితే, ఆ ఇంటి ముసలమ్మ నీళ్లు తెచ్చిచ్చి "పోలే" అంది. అయ్యో పాపం అని దానర్థం. ఆమెకు మేమెవరమో తెలియదు, మా పైసా ఆమెకు ముట్టలేదు. అదే మాట రెండుసార్లు "పోలే పోలే" అంటే నెమ్మదిగా, నింపాదిగా అని. ఆ రెండోది మీ వాళ్లకు బాగా వచ్చు. మొదటిది మూడు వారాలుగా ఎవరి నోటా రాలేదు.

ఆరేళ్లుగా మా ఇంట్లో ప్రతి టికెట్టూ మీ దగ్గరే కొన్నాం. చెల్లి పెళ్లికి వచ్చిన చుట్టాలందరివీ మీరే వేశారు. పక్క కంపెనీ తక్కువకిస్తానన్నా వెళ్లలేదు. ఈ లెక్క మీ కంప్యూటర్‌లో ఎక్కడో ఉండే ఉంటుంది, వీణ ఆపి ఒకసారి చూడండి.

పడవ డబ్బు వెనక్కి ఇస్తారా, ఇవ్వరా, అది తర్వాత. ముందు మీలో ఒక మనిషి మా నాన్నకు ఫోన్ చెయ్యాలి. ఫారం నింపమని కాదు, మాట్లాడడానికి. వచ్చే శుక్రవారం దాకా చూస్తాను. ఆ తర్వాత వినియోగదారుల కమిషన్ ఉంది, దార్‌లో మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపూ ఉంది. సంక్రాంతికి ఇళ్లకు వెళ్లేవాళ్లంతా ఇప్పుడే టికెట్లు వెతుకుతున్నారు.

ఇట్లు,
మీ పాత కస్టమర్

తా.క.: బుకింగ్ నంబరు మళ్లీ అడగకండి. ఇప్పటికి ఆరుసార్లు చెప్పాను.